తొమ్మిదో ఫారం

మూత పడ్డ 188వ రోజు
నీళ్ళు: ఆరడుగుల నాలుగంగుళాలు. బోర్డు మీద: అదే.

రెండు పంపులూ నడిచాయి. ఒకటో పంపు కారుతోంది. గుడ్డ పీలికలు కుక్కాను.

శుక్రవారం, మార్పిడి రోజు. మొదటి షిఫ్టు అయిపోగానే పుస్తకాలు చదివే పదిహేడుగురం పంపు గదిలో కూడాం. ఒక్కొక్కరు ఒంటి మీది ఫారం విప్పి పక్కవాళ్ళకు ఇచ్చి, ఇటు పక్కవాళ్ళది తీసుకుని కట్టుకున్నారు. ఫారం అంటే పదహారు పేజీల కట్ట. నూనె గుడ్డలో చుట్టి, బట్టల కింద, బొడ్డు మీద కట్టుకుంటాం. ఈ పాత బొగ్గు బాయిలో గోడలు చెమరుస్తాయి, ఇనుప పెట్టెలు చెమరుస్తాయి, అన్నం గిన్నె మూత చెమరుస్తుంది. కాగితానికి పొడి చోటు మనిషి ఒళ్ళు ఒక్కటే. అది కనిపెట్టడానికి మాకు మూడేళ్ళు పట్టింది. అప్పటికే సగం పుస్తకాలను బూజు తినేసింది.

ఎండకు భయపడి కిందికి దిగిన మొదటి ఏడు మా దగ్గర నలభై మూడు నవలలు ఉండేవి. అన్నీ ఒకే రకం. దయ్యాన్ని ప్రేమించిన పిల్ల, పాము రాజును పెళ్ళాడిన పిల్ల, అద్దంలోని మనిషి కోసం అన్నం మానేసిన పిల్ల. ఎవరో అద్దె పుస్తకాల దుకాణాన్ని మూటగట్టి తెచ్చారట. ఏటా ఎండలు ముదిరి మూడువందల రోజులకు బాయి మూత పడే రోజున చేతులెత్తి ఓట్లు వేస్తాం. పదిహేడు ఒళ్ళు, పదిహేడు ఫారాలు. అవి ఏవో తేల్చుకోవాలి. ఓడిన పుస్తకం బల్ల మీదే ఉండిపోతుంది. నెల తిరిగేసరికి మెత్తబడుతుంది. ‘నాగలోకపు వియ్యంకులు’ ఒక్క ఓటుతో పోయింది. కప్పుకు దుంగలు నిలబెట్టే రాజం ఇప్పటికీ ఆ ఓటు ఎవరిదని అడుగుతాడు. నాదే. చెప్పలేదు.

ఇప్పుడు మిగిలినవి రెండు. ‘ఏడో మెట్టు’ తొమ్మిది ఫారాలు, ‘రెండు నీడల దొర’ ఎనిమిది.

ఎవరి దగ్గర ఏది ఉందో రాసుకునే పని నాది. రోజూ నీళ్ళ ఎత్తు కొలిచి, జనం కోసం బయటి బోర్డు మీద రాసేదీ నేనే. నేను బడికి పోలేదు. పంపుకు బిగించిన రేకు మీది అక్షరాలు కూడబలుక్కుని నేర్చుకున్నాను.

జమున చేరి ఏడు వారాలు. చనిపోయిన ఒకాయన చోటు ఆమెకు వచ్చింది. చేరిన రోజే ‘ఏడో మెట్టు’ మొదటి ఫారం చేతికొచ్చింది. వరుసగా చదువుతూ ఈ రోజు ఎనిమిదోది అందుకుంది. తొమ్మిదోది, ఆఖరిది, ఆమె పక్కనుండే లస్మవ్వ కట్టుకుంది. వచ్చే శుక్రవారం అది జమునకు వస్తుంది. మిగతా అందరం ఆ కథ ఎన్నోసార్లు చదివినవాళ్ళమే. చదవనివాళ్ళకు ముగింపు చెప్పకూడదని కట్టుబాటు.

“అవ్వా, ఆ గంధర్వుడు వస్తడా రాడా, గదొక్కటి చెప్పు” అంది జమున. దగ్గు ఆపుకుంటూ అడిగింది. ఆమెకు ఊపిరితిత్తుల్లో దుమ్ము.

“చెప్తే నా కడుపు మీదున్నది ఉత్త కాయితమైపోతదే. వచ్చే శుక్కురారం దాకా ఓపిక పట్టు. అందాక నా దగ్గరనే పండుకుంటడు నీ గంధర్వుడు.”

“డెబ్బై ఏండ్లకు మంచి మొగుడే దొరికిండు అవ్వా నీకు” అన్నాడు రాజం.

“నీ లెక్క గురక పెట్టడు రా.”

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

193వ రోజు
నీళ్ళు: ఆరడుగుల ఆరంగుళాలు. బోర్డు మీద: అదే.

రెండో షిఫ్టులో లస్మవ్వ చనిపోయింది. కూర్చుని పప్పు ఏరుతూ పక్కకు ఒరిగిందట.

ఇక్కడి వేడికి శవాన్ని ఉంచరు. కడగడానికి మంచి నీళ్ళు లేవు, అందుకని ఉన్న బట్టల మీదే దుప్పటి చుడతారు. నేను కాళ్ళ వైపు పట్టాను. తల వైపు రాజం. పాత తవ్వకాల్లో, కొంచెం ఎత్తున, చనిపోయినవాళ్ళ గ్యాలరీ ఉంది. అదొక పక్క సొరంగం, ముందు ఇటుక గోడ. గోడలో నడుమ ఇటుకలు తీసి, లోపల పడుకోబెట్టి, మళ్ళీ పేర్చి మట్టి మెత్తాం.

దుప్పటి చుట్టేటప్పుడు నాకు గుర్తుంది. తొమ్మిదో ఫారం ఆమె ఒంటి మీదే ఉంది. చుట్టూ ఆడవాళ్ళు ఏడుస్తున్నారు. కోడలు ఆమె ముఖం మీది చెమట తుడుస్తోంది, ఇంకా బతికి ఉన్నట్టు. అక్కడ నిలబడి, అవ్వ రవిక కింద ఒక ప్రేమ కథ ఉంది, తీసి ఇవ్వండి అని అడగాలి. నోరు రాలేదు. ఎవరో ఒకరు తీసే ఉంటారులే అనుకున్నాను.

ఎవరూ తీయలేదు.

195వ రోజు
నీళ్ళు: ఆరడుగుల ఏడంగుళాలు. బోర్డు మీద: అదే.

మార్పిడి. జమున తన ఎనిమిదో ఫారం విప్పకుండానే చెయ్యి చాచింది. ఆ చేతిలో పెట్టడానికి ఏమీ లేదు. నేను చెప్పాను. తెలిసే ఊరుకున్నానని కూడా చెప్పాను.

రాజం అన్నాడు, “అన్నా, నీకు నోరు దేవుడు ఎందుకిచ్చిండో ఎప్పుడన్న అడిగినవా?”

“ఇగ కట్టుబాటు ఎందుకు, ఎవరన్న ఒకరు చెప్పుండ్రి నా చెల్లెకు” అంది జమున అక్క సరోజన. ఆమె కూడా మాలో ఒకతే.

“వద్దు” అంది జమున. “నేను చదువుత. ఆ గ్యాలరీ పొడిగనే ఉన్నది కదన్నా?”

ఉంది. పాత తవ్వకాల నిండా నీళ్ళు. వాటిని ఆపుతూ మాకు పదహారడుగుల అడ్డుగోడ ఉంది. దాని వెనక నీళ్ళు ఎంత ఎత్తున ఉన్నాయో పంపు గదిలోని గాజు గొట్టం చూపిస్తుంది. ఎనిమిది అడుగులు దాటితే గ్యాలరీ నేల తడుస్తుంది. ఇంకా పదిహేడు అంగుళాలు ఉందని చెప్పాను.

“అయితే రేపు సర్దారును అడుగుదాం” అంది. ఫారం విప్పలేదు. చోటు ఖాళీగా ఉంచుకోవడం ఇష్టం లేదంది.

196వ రోజు
నీళ్ళు: ఆరడుగుల పదకొండంగుళాలు. బోర్డు మీద: ఆరడుగుల ఎనిమిదంగుళాలు.

తెల్లవారు షిఫ్టులో రెండో పంపు ఇరుసు విరిగింది. మార్చడానికి ఇంకో ఇరుసు లేదు. ఒక్క పంపుతో రోజుకు నాలుగంగుళాలు ఎక్కుతుంది.

బాయికి పెద్ద అయిన సర్దారు మొండయ్య వచ్చి గొట్టం ముందు చాలాసేపు నిలబడ్డాడు.

“ఓదెలూ, బోర్డు మీద ఏం రాసినవ్?”

“ఇంకా రాయలే.”

“ఎనిమిదంగుళాలు రాయి. రేపు గూడ గదే. ఎల్లుండి ఒకటి పెంచు.”

నేను గొట్టం వైపు వేలు చూపించాను.

“నిరుడు అవతలి బాయిల నిజం రాసిండ్రు. జనం మూత తెరుసుకుని పైకి ఉరికిండ్రు, మిట్టెండల. ఎనభై ఒక్కరు. పొయ్యి మీది పేలాల లెక్క. ఒక్కడు గూడ మైలు దాటలే. మూడువందల రోజు దాకా పైన మనిషి బతకడు, నీకెరుకనే.”

“అందాక గోడ ఆగదు సర్దారూ.”

“ఆగదు. అయితే గీ మిగిలిన దినాలు భయంల సావాల్నా, సప్పుడు గాక పండుకోవాల్నా? నువ్వే చెప్పు. రెండువందల పన్నెండు మంది.”

ఎనిమిదంగుళాలు అని రాశాను. పదకొండేళ్ళలో అది మొదటి తప్పు అంకె.

గ్యాలరీ గోడకు సిమెంటు పూయమని కూడా సర్దారు మనుషులను పంపాడు. నీళ్ళు ఆపడానికని చెప్పకుండా, వాసన వస్తోందని చెప్పించాడు. జమున వాళ్ళు వెళ్ళి అడిగితే సిమెంటు ఆరేదాకా ముట్టవద్దన్నాడు. గ్యాలరీ తడవడానికి ఇంకా మూడు రోజులు టైం ఉంది. అది ఆయనకూ తెలుసు, నాకూ తెలుసు.

201వ రోజు
నీళ్ళు: ఎనిమిదడుగుల ఏడంగుళాలు. బోర్డు మీద: ఆరడుగుల పదంగుళాలు.

ఏడంగుళాల నీళ్ళలో కాగితం ఎంతసేపు నిలుస్తుంది? లస్మవ్వను నేల మీదే పడుకోబెట్టాం.

జమున లేవలేకపోతోంది. ఫారాల వాళ్ళు ఒక్కొక్కరే వెళ్ళి కూర్చుంటున్నారు. ఆమె వద్దన్నా ముగింపు చెప్పేస్తున్నారు. జాలి కట్టుబాటును దాటింది.

కథ అందరికీ తెలిసిందే. పాడుబడ్డ కోటలో దిగుడు బావి. శాపం తిన్న గంధర్వుడు ఆ బావిలో ఏడో మెట్టు మీద ఉంటాడు. నీళ్ళు ఆ మెట్టును తాకిన రోజునే మనిషి కంటికి కనబడతాడు. మందారిక అనే పిల్ల ఒక్క వానాకాలం అతన్ని చూసింది. తర్వాత వానలు పోయాయి. నీళ్ళు ఏటేటా ఒక మెట్టు దిగాయి. ఆమె రోజూ వచ్చి కూర్చుంటుంది. ఎనిమిదో ఫారం ఆఖరు పేజీలో ఉరుము వినబడుతుంది.

రాజం చెప్పినదాంట్లో వాన పడి, గంధర్వుడు మనిషైపోయి, ఇద్దరూ కోళ్ళ ఫారం పెట్టుకున్నారు. సరోజన చెప్పినదాంట్లో మందారిక నీళ్ళలోకి దిగి అతని లోకానికి వెళ్ళిపోయింది. ఇంకొకామె కవలలు పుట్టారంది. ఎవరూ ముందుగా కూడబలుక్కోలేదు. అందరూ అబద్ధమే చెప్పారు.

నేను వెళ్ళినప్పుడు జమున నవ్వుతోంది. “కోళ్ళ ఫారమట అన్నా. గంధర్వుడు గుడ్లు ఏరుతుంటడట.” దగ్గు తెర తగ్గాక మళ్ళీ అంది. “ఒక్కలదీ కలుస్తలేదు. నాకు ఆ పదహారు పేజీలే కావాలె. నీళ్ళు ఎంతున్నయన్నా?”

“బోర్డు చూసినవ్ కదా.”

“చూసిన. ఆరు, పది. నీ అంకె చూసినంకనే నేను కన్ను మూస్త.”

204వ రోజు
నీళ్ళు: తొమ్మిదడుగుల ఏడంగుళాలు. బోర్డు మీద: ఆరడుగుల పదకొండంగుళాలు.

షిఫ్టు మారే వేళ గడ్డపార తీసుకుని రాజం పంపు గది ముందు నుంచి పోయాడు. వెనక సరోజన. ఆమె భుజం మీద చేయి వేసి జమున. ఎక్కడికని అడిగాను.

“నువ్వు జెర అటు దిక్కు చూడన్నా, సాలు” అన్నాడు రాజం. “సిమెంటు ఎండింది. బోర్డు మీద ఇంకా ఏడు గూడ కాలే. పది నిమిషాల పని. అవ్వను అడిగి తెచ్చుకుంటం, మల్ల మూస్తం.”

వాళ్ళు మలుపు తిరిగేదాకా నేను కదలలేదు. ఆ గోడ ఇవతల ఏటవాలు బాట. దాని అడుగున జనం పడుకునే చోటు. గోడ అవతల ఇప్పుడు పందొమ్మిది అంగుళాల నీళ్ళు, వాటి వెనక మైళ్ళ కొద్దీ పాత తవ్వకాల నీళ్ళు. ఒక్క ఇటుక తీస్తే చాలు.

పరుగెత్తాను. నేను చేరేసరికి రాజం గడ్డపార ఎత్తాడు. నేను గోడకు అడ్డంగా నిలబడ్డాను. ఊపిరాడక మాట రాలేదు. జేబులో సుద్దముక్క ఉంది. గోడ మీద నిజమైన అంకె రాశాను.

రాజం దీపం ఎత్తి చదివాడు. “గిదేంది?”

“ఈ పొద్దు నీళ్ళు.”

“బోర్డు మీద?”

“నేను రాసిన అబద్ధం. ఎనిమిది దినాల నుంచి.”

సరోజన సిమెంటు మీద అరచెయ్యి ఆనించింది. తడి తగిలింది. చెయ్యి వెనక్కు తీసుకుని చీరకు తుడుచుకుంది. జమున మాత్రం గోడను చూడలేదు, నన్నే చూసింది.

“ఆ మూడు దినాలు పొడిగున్నదా అన్నా? సర్దారు ఆరనియ్యుండ్రి అన్నప్పుడు?”

“ఉన్నది.”

“నీకెరుకనా?”

“ఎరుకే.”

రాజం గడ్డపారను నేల మీద మెల్లగా, చప్పుడు కాకుండా పెట్టాడు.

205వ రోజు
నీళ్ళు: తొమ్మిదడుగుల పదకొండంగుళాలు. బోర్డు మీద: ఏమీ లేదు.

మాట పాకింది. సర్దారు భయపడినట్టు ఎవరూ పైకి ఉరకలేదు. అందరూ వచ్చి గొట్టం చూసి వెళ్ళారు. కొందరు లెక్క వేశారు. చాలామంది ఎప్పటిలాగే పప్పు నానబోసుకున్నారు. సర్దారు వచ్చి బోర్డు తుడిచి, సుద్దముక్క నా చేతిలో పెట్టి పోయాడు. నేను నిజం రాయబోతే ఒక ముసలాయన ఆపాడు. “వద్దు బిడ్డా. నువ్వు రాస్తే మల్ల నమ్మాలె.”

207వ రోజు
నీళ్ళు: పదడుగుల ఏడంగుళాలు.

జమున కబురు పంపింది. వెళ్ళాను. సరోజన లేచి అవతలికి పోయింది.

“నువ్వొక్కనివే చెప్పలే” అంది. “చెప్పు ఇగ.”

పదకొండేళ్ళలో ఆ ఫారం నా దగ్గరికి ముప్పై సార్లకు పైనే వచ్చింది. కళ్ళు మూసుకుంటే పేజీ అంచు మీది నూనె మరక కూడా కనబడుతుంది. అందులో ఎలా ఉందో అలాగే చెప్పాను.

వాన పడుతుంది. మూడు రోజులు ఆగకుండా. నీళ్ళు మెట్టు మెట్టూ ఎక్కి ఏడో మెట్టును తాకుతాయి. గంధర్వుడు కనబడతాడు. అదే వయసు, అదే ముఖం. మెట్ల మీద కూర్చున్న ముసలామెను చూసి దగ్గరికి వస్తాడు. “అవ్వా, ఇక్కడికి రోజూ ఒక అమ్మాయి వచ్చేది, చూశావా?” అని అడుగుతాడు. మందారిక అతన్ని చాలాసేపు చూస్తుంది. “చూశాను బాబూ. ఆమె నిన్ననే వెళ్ళిపోయింది” అంటుంది. అతడు అక్కడే కూర్చుని ఎదురుచూడడం మొదలుపెడతాడు. ఆమె కర్ర తీసుకుని మెట్లెక్కి ఇంటికి పోతుంది. అంతే.

జమున కప్పు వైపు చూస్తూ విన్నది.

“నేనే మందారికనని ఆమె చెప్తే అయిపోతుండె కదా.”

“చెప్పదు.”

“ఎందుకు చెప్పదు?”

“పుస్తకంల లేదు.”

ఆమె నా వైపు తిరిగింది. కోపం లేదు ముఖంలో. ఉంటే బాగుండేది.

“వాళ్ళందరివి అబద్ధాలని నాకెరుకే అన్నా. నన్ను నవ్వియ్యనీకి చెప్పిండ్రు. నీది నిజమని ఎట్ల నమ్మాలె? వారం కిందైతే నమ్ముదును.”

“నిజమే జమునా.”

“ఉండొచ్చు” అంది. “రాజం చెప్పినదే ఉంచుకుంట నేను. కోళ్ళు బాగున్నయ్.”

210వ రోజు
నీళ్ళు: పదకొండడుగుల ఏడంగుళాలు.

జమున మొదటి షిఫ్టు మొదట్లో పోయింది.

గ్యాలరీ లేదు కాబట్టి పై బాట మలుపులో చోటు తవ్వారు. సరోజన దుప్పటి చుట్టబోయింది. ఆడవాళ్ళు ఏడుస్తున్నారు. నేను ముందుకు వెళ్ళి అందరికీ వినబడేలా అన్నాను. “ఆమె ఒంటి మీద ఎనిమిదో ఫారం ఉన్నది. తీయాలె.”

ఏడుపు ఆగింది. అందరూ నన్ను చూసిన చూపు రాయలేను. సరోజన వంగి, చెల్లెలి బట్టల కింద చెయ్యి పెట్టి, నూనె గుడ్డ ముడి విప్పి, ఫారం తీసి నా చేతిలో పడేసింది. ఇంకా వెచ్చగానే ఉంది.

“ఇప్పుడు వచ్చిందా నోరు?” అంది.

212వ రోజు
నీళ్ళు: పన్నెండడుగుల మూడంగుళాలు.

మొన్న శుక్రవారం మార్పిడి రోజు. జమునకు మరీ బాగా లేదని ఈ రోజుకు జరుపుదామని చెప్పి పంపాను. ఈ రోజు ఎవరూ రాలేదు. వాళ్ళ ఫారాలు మాత్రం పంపు గది గడప దగ్గర దొరికాయి, ఒక్కొక్కటిగా పెట్టి పోయారు. చెమట వాసన, నూనె వాసన. నా దానితో, జమున దానితో కలిపి పదహారు. ఒళ్ళు ఒకటే. ఏది ఉంచాలో ఓటు వేయడానికి నేను ఒక్కణ్ణే ఉన్నాను.

అన్నీ ముందు పరుచుకుని కూర్చున్నాను. చివరికి ఏదీ తీసుకోలేదు. పంపు చిట్టాలోంచి నాలుగు కాగితాలు చించి, తొమ్మిదో ఫారం జ్ఞాపకం ఉన్నది ఉన్నట్టు రాశాను. నూనె మరక ఉండే చోట మరక అని రాశాను. చివర ఖాళీ మిగిలితే కింద రాజం ముగింపు కూడా రాశాను, కోళ్ళతో సహా. ఏది ఎవరిదో రాయలేదు. నూనె గుడ్డలో చుట్టి కట్టుకున్నాను.

సాయంత్రం షిఫ్టులో రాజం పంపు గది ముందు నుంచి పోతూ ఒక్క క్షణం ఆగాడు. నా పొట్ట దగ్గర ఉబ్బు చూశాడు. “ఎవరి వంతు అది?” అన్నాడు. నీదే అన్నాను. వద్దన్నట్టు తల ఊపి పోయాడు.

221వ రోజు
నీళ్ళు: పదిహేనడుగుల మూడంగుళాలు.

బల్ల మీది ఫారాలు బూజు పట్టాయి. ‘రెండు నీడల దొర’ పూర్తిగా అంటుకుపోయింది. నా ఒంటి మీది నాలుగు కాగితాలు పొడిగా ఉన్నాయి. మార్చడానికి పక్కన ఎవరూ లేరు కాబట్టి శుక్రవారం విప్పి, చదివి, మళ్ళీ నేనే కట్టుకున్నాను.

గోడ అంచుకు ఇంకా తొమ్మిదంగుళాలు. గొట్టం చూసి అంకె వేశాను. సరిగ్గానే ఉంది, రెండుసార్లు చూశాను. ఎంత అని ఎవరూ అడగలేదు.